లేసు దారమా, నీకు వందనాలు

నరసాపురం లేసు దారమా, నీకు వందనాలు. వశిష్ట గోదావరి పక్క ఊళ్లలో, కొబ్బరాకుల నీడ పడే అరుగుల మీద, ఒళ్లో చంటిపిల్ల నిద్రపోతున్నా ఆగని తెల్లని దారమా! అన్నం ఉడికేలోగా ఒక పువ్వు. బడి గంట కొట్టేలోగా మరో పువ్వు. కూలి డబ్బులు బియ్యానికీ నూనెకీ సరిపోయి ఇక చాలవన్న చోట నువ్వు మొదలవుతావు.

19వ శతాబ్దంలో మిషనరీలు ఈ డెల్టాకు అల్లిక తెచ్చారు. ఆ సూది తాతమ్మ చేతి నుంచి అమ్మమ్మకు, అమ్మమ్మ నుంచి అమ్మకు వచ్చింది. ఏ కులం, ఏ మతం అని అడగకుండా అరుగు అరుగునా కూర్చుంది. చేతిపని వాళ్లు పువ్వులల్లుతారు. అతుకుపని వాళ్లు ఆ పువ్వులన్నీ కలిపి బల్లగుడ్డ చేస్తారు. ఏజెంటు దారం ఇచ్చి వెళతాడు, అల్లిక పట్టుకుపోతాడు. సముద్రాలు దాటిన ఆ గుడ్డ మీద ఎవరో కేకు కోస్తారు.

మన ఇంటి క్రిస్మస్ పండగ కూడా నీలోంచే రావాలి, దారమా. నవంబరు రాగానే అమ్మ లెక్కలు మారిపోతాయి. ఈ కండె పెద్దదాని గౌనుకి, ఆ కండె చిన్నోడి చెప్పులకి. రాత్రి పిల్లలు పడుకున్నాక బల్బు కింద అల్లే నాలుగు వరసలు కేకుకి. పిల్లలిద్దరికీ ఒకే తానులో గుడ్డ తీస్తే కాస్త కలిసొస్తుంది. గౌను అంచు లోపలికి నాలుగు వేళ్లు మడిచి కుట్టిస్తే వచ్చే ఏడాదికీ పనికొస్తుంది. ఆ మడతలో అమ్మ ముందుచూపంతా ఉంది. దాన్ని పేదరికమంటే నేనొప్పుకోను.

కొనాల్సినవి దాదాపు అంతే, మిగతావి చుట్టూ ఉన్నవే. అటకమీది పాత నక్షత్రం దిగుతుంది. వెదురు బద్దలు గట్టిగానే ఉంటాయి, రంగు కాగితమే కొత్తది. మైదా జిగురు కాచడం అమ్మ పని, అంటించడం పిల్లల పని. అంటించినంత కాగితం వాళ్ల జుట్టుకీ అంటుకుంటుంది. తీరం వైపు సరుగుడు తోటల నుంచి నాన్న ఒక కొమ్మ తెస్తే, ఇసక బకెట్లో నిలబెట్టగానే అదే క్రిస్మస్ చెట్టు. సార్వా కోతలయ్యాక కొత్త గడ్డికి కొదవ లేదు, ఏసు పుట్టిన పశువులపాక బొమ్మకు కప్పు దానితోనే. మట్టి మూకుట్లో ఆవాలు చల్లి, మొలకెత్తాయా లేదా అని పిల్లలు పొద్దున్నే పరుగెత్తి చూస్తారు. ఆ పచ్చదనం మీదే మట్టి గొర్రెలు మేయాలి! మిగిలిన దారపు ముక్కలతో అల్లిన చిన్న చిన్న చుక్కలు కొమ్మలకు వేలాడతాయి. విదేశాలకు వెళ్లే పువ్వుల్లో ఇవీ ఉండేవే, కాకపోతే ఇవి మనింట్లోనే ఉండిపోయాయి.

కేరల్స్ వాళ్లు అర్ధరాత్రి డప్పుతో వీధిలోకి వస్తే, నిద్రకళ్లతో లేచిన పిల్లల చేతికి గవ్వలూ జంతికలూ ఇచ్చి, పాడేవాళ్లకు పెట్టమంటుంది అమ్మ. ఇచ్చే చెయ్యి తమదని ఆ పసివాళ్లకు అప్పుడే తెలుస్తుంది. పండగ ఖర్చు లెక్కలోకి రాని ఈ ముచ్చటే నాకు అన్నిటికంటే గొప్పగా కనిపిస్తుంది.

దారమా, నిన్ను పొగిడి ఊరుకుంటే అన్యాయం. లేసల్లే ఆడవాళ్ల మీద జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ 1982లో ఒక పుస్తకం వెలువరించింది. వాళ్లు గంటల తరబడి అల్లినా, లోకం దాన్ని ఇల్లాలి తీరిక పనిగానే లెక్కగట్టి కూలి తగ్గించిందని అందులో చూపించింది. 2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. పేరుకు దక్కిన ఆ గౌరవం వేళ్లకు ఇంకా దక్కాల్సి ఉంది. కళ్లు మసకబారేదాకా, మెడ పట్టేసేదాకా చేసేది తీరిక పని ఎలా అవుతుంది? అది పని. దానికి కూలి కావాలి.

అందుకే అక్కలారా, అన్నలారా, ఈ లేసు కొనేటప్పుడు బేరమాడకండి. వీలైతే అల్లిన చేతి దగ్గరే కొనండి. డబ్బు తర్వాత ఇస్తామనకండి. క్రిస్మస్‌కి రెండు వారాల ముందే ఇచ్చేయండి. గౌన్లు కుట్టడానికి దర్జీకి ఆమాత్రం గడువు కావాలి.