ద్వీపశబ్దము – లంకాపదము

‘లంక’ యనఁగా నేమని యడిగినచో ‘చిన్న దీవి’ యని బదులు చెప్పుట విద్యాలయములయందును వ్యాఖ్యానములయందును వాడుకయై పోయినది. ద్వీపము, దీవి, లంక యనునవి పర్యాయపదములని తలఁచి, యొకదానికి మాఱుగా నొకదానిని వాడువారు పలువురు గలరు. ఈ తలంపు శబ్దశాస్త్రమునకును లోకవ్యవహారమునకును గూడ సరిపడదు.

మొదట ద్వీపశబ్దము విచార్యము. ‘ద్వి’ శబ్దముపై ‘అప్’ శబ్దము చేరఁగా, పాణినీయసూత్రము (6-3-97) వలన నకారాది యగు నప్‌శబ్దమున కీకారము కలిగి ‘ద్వీప’ మేర్పడినది. ‘అంతర్’ పూర్వమగుచో ‘అంతరీప’ మగును. రెండు ప్రక్కల నీరు గలదనుటయే ద్వీపశబ్దార్థము. ఆ నీరు సముద్రముదా, నదిదా యనికాని, ఆ నేల ఱాయా, ఒండ్రా యనికాని యా శబ్దము చెప్పదు. పారసీకపు ‘దోఆబ్’ పదము దీనికి తోఁబుట్టువు. ‘దో’ యనునది ద్వి, ‘ఆబ్’ అనునది అప్. కృష్ణాతుంగభద్రల నడిమి రాయచూరు సీమ కీ పేరు వచ్చినది. అందే యున్న గద్వాల, ఆలంపురపు ప్రజలు మాత్రము తమ నేలను ‘నడిగడ్డ’ యందురు. సంస్కృతపారసీకములు నీటిని లెక్కించి పేరిడఁగా, తెలుఁగు నేలను జూచి పేరిడినది. ఈ భేదము ముందు ఉపకరించును.

శబ్ద మొక్కటియే యైనను, ద్వీపములలో రెండు జాతులు గలవని పాణిని యెఱుఁగును. సముద్రసమీపమందలి ద్వీపమునకు సంబంధించినది ‘ద్వైప్యము’ (4-3-10). తక్కిన ద్వీపమునకు సంబంధించినది కచ్ఛాదిగణపాఠము వలన ‘ద్వైపము’. సంబంధించినవాఁడు మనుష్యుఁడైనచో, లేక మనుష్యునియందలి నవ్వు, మాట మున్నగునవి యైనచో ‘ద్వైపకము’ (4-2-133, 134). అనఁగా సముద్రమునకు దూరమైన ద్వీపములలో జనులు కాఁపురముండిరనియు, వారి మాటతీరునకుఁ గూడ వేఱు రూపము కావలసివచ్చెననియు వ్యాకరణమే సాక్ష్యమిచ్చుచున్నది. నదీద్వీపమును నిర్జనమైన యిసుకదిబ్బగాఁ దలఁచువా రీ సూత్రములను జూడవలయును.

సంస్కృతము ప్రత్యయముచేఁ జూపిన యీ భేదమును తెలుఁగు ప్రకృతిచేతనే చూపినది. ద్వీపశబ్దభవమైన ‘దీవి’ ప్రధానముగా సముద్రమువైపు పోయినది. కృష్ణానది కడలిఁ గలియుచోట హంసలదీవియు, దివిసీమయు నున్నవి. గోదావరీకృష్ణల పాయల నడుమఁ గల నేలకు ‘లంక’ యని పేరు. ఇందుకుఁ బూర్వపక్ష మొకటి గలదు: నాగాయలంక దివిసీమలోనిదే కదా, భేద మెట్లు నిలుచును? సమాధానము: సముద్రోపాంతమగు సీమలోఁ గూడ నదీకృతమైన నేలకు లంకయను పేరు చెల్లుననుటయే దీనివలన సిద్ధించును, అది భేదమును బలపఱుచునే కాని చెఱుపదు. అపాయములును వేఱు. 1977 నవంబరు 19వ తేదీని దివిసీమలో వేలకొలఁది ప్రాణములఁ గొనినది కడలి యుప్పెన. 1986 ఆగస్టులో ధవళేశ్వరము కడ 35 లక్షల క్యూసెక్కులకు మించియు, 2022 జూలైలో 25 లక్షలు దాఁటియుఁ బ్రవహించి, లంకలను ముంచినది గోదావరి వఱద.

లంక యెట్లు పుట్టునో విచారించిన నర్థము స్పష్టమగును. ప్రవాహవేగము తగ్గినచోట మేట పడును. ఏటేట వఱదలు తెచ్చిన యొండ్రు పేరుకొనును. రెల్లు మొలచి నేలను బిగించును. పిదప సాగు, ఆ పిదప నిల్లు. నిలుకడ హెచ్చినకొలఁది పేరును మాఱును. గౌతమీవసిష్ఠల నడుమ నున్నదైనను కోనసీమ లంకగాక సీమ యయ్యెను. 1847–1852 నడుమ ఆర్థర్ కాటన్ కట్టించిన యానకట్ట యొక్క గోడ కాదు. ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము నను నాలుగు ఖండములు. ఆ ఖండములను గూర్చినవి నడిమి లంకలే. జంబూద్వీపాదులకుఁ జెట్ల పేళ్లు వచ్చినట్లు పిచ్చుకలంకకుఁ బక్షి పేరును, ఎదురులంకకు దిక్కును పూర్వపదములైనవి. అయితే యిచ్చిన నదియే తీసికొనును. కొబ్బరితోఁటలతోఁ గూడ గట్టు కోఁతపడి యేటఁ గలియుచుండును. కనకాయలంకకుఁ బోవు కాలిబాట వఱద వచ్చినపుడెల్ల మునుఁగును. జనులు పడవ యెక్కుదురు. ఇట్టి నేలను ‘చిన్న దీవి’ యనుట పరిమాణము చెప్పి ప్రాణము విడుచుట.

ఈ యవివేకమువలన సాహిత్యమున కైన హాని కృష్ణద్వైపాయనుని కథలోఁ గానవచ్చును. సత్యవతి పడవ నడిపినది యమునలో. పరాశరుఁడు దాఁటఁగోరినదియు యమునయే. వ్యాసుఁడు జనించినది యా నదీద్వీపమున. దీనిని బాలురకు ‘దీవి’ యని చెప్పినచో వారికిఁ దోఁచునది సముద్రము. ‘లంక’ యనిన నొక్కమాటతో దాశకులము, పడవ, రేవు, మంచు కప్పిన పాయ యన్నియుఁ గన్నులఁ గట్టును. వ్యాఖ్యాత లీ మాటకు వెనుదీయుటకుఁ గారణము రావణుని పట్టణము. కాని యది సంజ్ఞ. గోదావరీతీరమున వాడునది జాతివాచకము, ‘లంకలు’ అని బహువచనము గలది. సంజ్ఞకు వెఱచి జాతివాచకమును విడనాడుట యుక్తము కాదు. రాజరాజనరేంద్రుని యాస్థానమున నన్నయభట్టు భారతాంధ్రీకరణమున కారంభము చేసినది రాజమహేంద్రవరమున, లంకలు గల గోదావరి యొడ్డుననే. తెలుఁగు భారతము పుట్టిన తీరపు మాట భారతకర్త జన్మభూమికిఁ దగదనుట విడ్డూరము.

ఇది పండితుల పదవివాదము మాత్రమే కాదు. వఱద వచ్చినపుడెల్ల ‘అచట నేల కాఁపురము?’ అని లంకవారిని బయటివా రడుగుదురు. నీటఁ జిక్కిన నేల యను ద్వీపశబ్దార్థమే వారి మనస్సున నుండుటచే నా ప్రశ్న పుట్టినది. నది పోసిన నేల యను లంకాపదార్థము తెలిసినచో, వఱదయే యా పంటకు మూలమని తెలియును. ప్రశ్న ‘ఏల యుంటి’ రనుట మాని ‘ఎట్లు కాతుము’ అనువైపు తిరుగును.

నివాసము, అభిజనము నని పాణిని రెండు విడిచి చెప్పెను (4-3-89, 90). ఇప్పుడుండుచోటు నివాసము, పూర్వులుండినచోటు అభిజనము. భాగ్యనగరపుఁ దూర్పున దిల్‌సుఖ్‌నగరునందో, విజయవాడబాట పట్టు ఎల్.బి.నగరునందో కాఁపురమున్న లంకవానికి నివాసము మూసీతీరము, అభిజనము గోదావరి. అతని పిల్లలు ‘మనది దీవి’ యనిరేని అభిజనము సగము పోయినట్లే. ఏటి కోఁతకు నేల పోవుట యొకటి, పలుకు పోవుట రెండవది. మొదటిదాని నాఁపుట యింజనీర్ల పని. రెండవదాని నాఁపుట నిఘంటుకారుల పని. వారు ‘లంక’ క్రింద ‘నదీప్రవాహము మేటవేయఁగా నేర్పడి, జనులు సాగుచేసి నివసించు నేల’ యని యర్థము వ్రాసికొనవలయును.