మనోవైద్యుని ఫీజూ, మన సాహిత్యమూ

మనస్తత్వ నవల గురించి మన విమర్శకులు చాలాకాలం వాదించారు. అది మధ్యతరగతి తీరికలోంచి పుట్టిన జబ్బని కొందరు, మనిషి లోపలి సత్యాన్ని పట్టుకున్నది అదొక్కటేనని కొందరు. ఇంత వాదంలోనూ ఒక చిన్న ప్రశ్న నాకు కనబడలేదు. మనసు చెదిరిన మనిషి, విని సలహా చెప్పగల నిపుణుడి దగ్గరకు వెళ్ళాలంటే ఎంత డబ్బు కావాలి? అది ఎవరి దగ్గరుంది? ఇది సాహిత్య ప్రశ్న కాదని మిత్రులు అనవచ్చు. అవునని నా అభిప్రాయం.

గోపీచంద్ 'అసమర్థుని జీవయాత్ర'లో సీతారామారావు నవల పొడుగునా మాట్లాడుతూనే ఉంటాడు. భార్యతో మాట్లాడతాడు, ఊళ్ళోవాళ్ళతో మాట్లాడతాడు, చివరకు తనతో తాను మాట్లాడుకుంటూ శ్మశానానికి చేరతాడు. వినడమే వృత్తిగా గలవాడు ఒక్కడూ అతనికి తారసపడడు. 1940ల ఆంధ్రదేశంలో అలాంటివాడు ఎక్కడున్నాడు గనుక? రచయితను తప్పుపట్టను. బుచ్చిబాబు దయానిధి తానే డాక్టరు. అయినా తన వ్యథకు మందు తానే వెతుక్కోవలసి వచ్చింది.

రావిశాస్త్రి 'అల్పజీవి' దగ్గరికి వచ్చేసరికి సంగతి మారుతుంది. సుబ్బయ్యది ఉత్త పిరికితనం కాదు. అతని భయానికి ఒక ముఖం ఉంది, అది అప్పిచ్చిన కంట్రాక్టరు గవరయ్య ముఖం. అప్పు తీరితే భయం పూర్తిగా పోతుందని రచయిత చెప్పడు, అప్పుతో భయానికి సంబంధం లేదనీ చెప్పడు. ఆ ముడిని ముడిగానే చూపించాడు. ఈ సుబ్బయ్య ఇవాళ ఒక మనస్తత్వ నిపుణుడి దగ్గరకు వెళ్ళాలనుకున్నాడనుకోండి. ఫీజు కోసం మళ్ళీ గవరయ్య గుమ్మంలోనే నిలబడాలి.

నేను ఉండేది పశ్చిమ ప్రకాశంలో. 1970లో జిల్లా ఏర్పడినప్పుడు మార్కాపురం, గిద్దలూరు కర్నూలు నుంచి విడిపోయి ఇటు చేరాయి. తెలుగు పిల్లలు తరతరాలుగా అక్షరాలు దిద్దిన పలకలు ఇక్కడి నేలలోంచి వచ్చినవే. బడిసంచిలో పలక స్థానం నోటుపుస్తకం తీసుకున్నాక ఆ పనీ తగ్గింది. బోరు వేస్తే నీళ్ళు పడవు, పడిన చాలాచోట్ల ఫ్లోరైడు. వెలిగొండకు 1996లో శంకుస్థాపన చేశారు. ఆ నీళ్ళకోసం ఎదురుచూడడంలోనే ఒక తరం నడివయసు దాటింది.

ఇక్కడి కొత్త రచయితల కథలు నేను శ్రద్ధగా చదువుతాను. బోరు ఎండుతుంది, అప్పులవాడు ఇంటికొస్తాడు, రైతు ప్రాణం తీసుకుంటాడు. కథ అయిపోతుంది. బోరు ఎండిన రోజుకూ చనిపోయిన రోజుకూ మధ్య నెలలు గడిచాయే, ఆ నెలలు కథలో ఉండవు. అతనికి నిద్రపట్టలేదు. నలుగురిలోకి రావడం మానేశాడు. భార్య సోది చెప్పించింది, తాయెత్తు కట్టించింది, ఊరి ఆర్.ఎం.పి. దగ్గర బలానికి సూదిమందు వేయించింది. వీటన్నిటికీ డబ్బు ఇచ్చింది. మనోవ్యథకు పేదవాడు పైసా ఖర్చుపెట్టడనుకోవడం భ్రమ. రసీదు లేని ఖర్చు గనుక రచయిత కంటికి ఆనలేదు.

ప్రభుత్వమూ మన కథకుల్లాగే చావు దగ్గరే లెక్క మొదలుపెట్టింది. 2004 నాటి 421 నంబరు ఉత్తర్వు ఆత్మహత్య చేసుకున్న రైతు కుటుంబానికి లక్షన్నర ఇమ్మంది. అది తర్వాత 5 లక్షలైంది, 2019లో 7 లక్షలైంది. ఆ డబ్బు న్యాయమైనదే. కాని బతికుండగా అతని గోడు వినడానికి ఎంత?

ఆ లెక్క చూద్దాం. పెద్ద పట్టణాల్లో ఒక గంట సలహాకు వెయ్యి రూపాయలడగడం మామూలు. ఒక గంటతో అయ్యే పనీ కాదు. 2024–25లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకు 300. మార్కాపురం నుంచి ఒంగోలు వైద్య కళాశాల ఆసుపత్రికి దాదాపు వంద కిలోమీటర్లు, గిద్దలూరు నుంచి ఇంకా దూరం. ప్రభుత్వ ఆసుపత్రిలో ఫీజు లేకపోయినా బస్సు ఛార్జీ ఉంది, పోయిన కూలి ఉంది, తోడు వచ్చినవాడి కూలి ఉంది. నిమ్హాన్స్ 2015–16లో జరిపిన జాతీయ సర్వేలో ఇలాంటి కుటుంబాలు వైద్యానికీ ప్రయాణాలకూ నెలకు వెయ్యి నుంచి పదిహేను వందల దాకా పెడుతున్నట్టు తేలింది.

కంభం చెరువుగట్టు మీద ఒక ఐతిహ్యం చెబుతారు. కృష్ణదేవరాయల నిరాదరణకు గురైన గజపతి కూతురు ఇక్కడ ఒంటరిగా కాలం గడిపి, తన దుఃఖాన్ని ఐదు సంస్కృత శ్లోకాల్లో పెట్టిందట. చెరువు తవ్వించింది కూడా ఆమేనంటారు. చరిత్ర ఎంతో, కల్పన ఎంతో పండితులు తేలుస్తారు. రాణి బెంగకు శ్లోకాలు దక్కాయి. మన్ను మోసినవాళ్ళలో ఎవరికి బెంగపుట్టిందో ఏ శ్లోకంలోనూ లేదు.

మన శిబిరంలోనే ఒక వాదన ఉంది: వాన పడితే, అప్పు తీరితే, బెంగ అదే పోతుంది, మనస్తత్వ నిపుణుడెందుకు? నాకు ఈ వాదన మొరటుగా తోస్తుంది. కాలు విరగ్గొట్టినవాణ్ణి జైల్లో పెట్టినంత మాత్రాన విరిగిన ఎముక అతుక్కోదు గదా. రెండో వైపు వాదనా నాకు నచ్చదు. అప్పులవాడు వాకిట్లో కూర్చుని ఉండగా, నిదానంగా ఊపిరి పీల్చుకో అని చెప్పే సలహాకు వెయ్యి రూపాయలు తీసుకోవడం అపహాస్యం. మంచి నిపుణుడు ఆ రెండూ ఎరిగే మాట్లాడతాడు. (బోర్డు కట్టిన ప్రతివాడూ నిపుణుడు కాడు. చికిత్స చేసే మనస్తత్వ నిపుణుడు భారత పునరావాస మండలిలో నమోదై ఉండాలి. ఇది తెలియక మోసపోయేది చదువుకున్నవాళ్ళే ఎక్కువ.)

2017 మానసిక ఆరోగ్య చట్టం ఈ ఫీజు ప్రశ్నకు జవాబిచ్చింది. పేదరిక రేఖకు దిగువనున్నవారికి, చేతిలో కార్డు లేకపోయినా, వైద్యం ఉచితమంది. జిల్లాలో కనీస సేవలు లేకపోతే అదే జిల్లాలో మరోచోట చేయించుకున్న వైద్యం ఖర్చు ప్రభుత్వమే భరించాలంది. 2022 అక్టోబరులో 14416 నంబరుతో టెలీ మానస్ వచ్చింది, ఆ ఫోనుకు ఫీజు లేదు. మంచిదే. కాని ఒంటిగది ఇంట్లో, అత్త వింటుండగా, కోడలు ఆ ఫోనులో ఏమని చెప్పుకోగలదు?

ఆ కోడలి కథ ఎవరూ రాయలేదు. ఒంగోలు బస్సెక్కి, వరుసలో నిలబడి, తన వంతు వచ్చాక ఏం చెప్పాలో తోచక తిరిగివచ్చిన రైతు కథ కూడా నాకు దొరకలేదు. ఎక్కడైనా అచ్చయి ఉంటే, పాఠకులు ఆ సంచిక పంపితే వచ్చే వ్యాసంలో దాని గురించే రాస్తాను.