గొట్టం కన్నా కాళ్లు ముఖ్యం

డాబా మీద ట్రైపాడ్ పెట్టి, మామూలు కెమెరాకు 50 మిల్లీమీటర్ల లెన్సు బిగించి, కృత్తికల వైపు గురిపెట్టి ఒక నిమిషం పాటు షట్టర్ తెరిచి ఉంచండి. పల్లెల్లో పిల్లలకోడి అని పిలుచుకునే ఆ చుక్కల గుంపు ఫొటోలో చుక్కలుగా రాదు, గీతలుగా వస్తుంది. కెమెరా కదల్లేదు. కదిలింది మన డాబా. భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది. నిండు చందమామ వెడల్పు అర డిగ్రీ. అంటే రెండు నిమిషాలకోసారి ఆకాశం ఒక చందమామంత పక్కకు జరిగిపోతోందన్నమాట. నక్షత్రాల ఫొటోగ్రఫీ అంతా ఈ తిరుగుడుకు విరుగుడు వెతకడమే.

ఆ విరుగుడు హైదరాబాద్‌కు కొత్తేమీ కాదు. నవాబ్ జఫర్ జంగ్ విదేశం నుంచి 15 అంగుళాల టెలిస్కోపు తెప్పించుకుని 1901లో ఫిసల్‌బండలో సొంత వేధశాల పెట్టుకున్నాడు. 1908లో అది నిజాం ప్రభుత్వం చేతికొచ్చి, తర్వాత బేగంపేటకు మారింది. ఆకాశాన్ని పట్టీలుగా పంచుకుని ఫొటోలు తీసే అంతర్జాతీయ పథకంలో గ్రీనిచ్, ప్యారిస్ వేధశాలలతో పాటు నిజామియా అని పేరుపడిన ఈ వేధశాలకూ ఒక వాటా దక్కింది. 8 అంగుళాల ఆస్ట్రోగ్రాఫ్‌తో గాజు పలకల మీద ఫొటోలు తీసి, 7 లక్షల 60 వేలకు పైగా నక్షత్రాల స్థానాలను అక్కడివాళ్లు లెక్కగట్టారు. కావలూరులోని పెద్ద టెలిస్కోపుకు ఎవరి పేరు పెట్టారో ఆ వేణు బప్పు తండ్రి ఉద్యోగం చేసింది కూడా ఈ నిజామియాలోనే.

ఆ రోజుల్లో టెలిస్కోపును తిప్పడానికి గడియారం లాంటి యంత్రం ఉండేది. కానీ దాన్ని నమ్మి నిద్రపోవడానికి లేదు. పక్కనే బిగించిన రెండో గొట్టానికి కన్ను ఆనించి, ఒక చుక్కను అడ్డగీతల మధ్య నిలబెట్టి, అది జారినప్పుడల్లా చేత్తో సర్దాలి. 1880లో హెన్రీ డ్రేపర్ మొదటిసారి ఒరాయన్ నీహారికను ఫొటో తీసినప్పుడు ఎక్స్‌పోజర్ దాదాపు 50 నిమిషాలు. ఇప్పుడు ఆ కంటి పని అగ్గిపెట్టెంత గైడ్ కెమెరా చేస్తోంది. ఉచితంగా దొరికే పీహెచ్‌డీ2 లాంటి సాఫ్ట్‌వేర్ రెండు మూడు సెకన్లకోసారి చుక్క ఎక్కడుందో చూసి, మౌంట్‌ను వెంట్రుకవాసి జరుపుతుంది.

మౌంట్ అంటే టెలిస్కోపును మోసే, తిప్పే భాగం. కొత్తవాళ్లు పొరపడేది ఇక్కడే. డబ్బంతా పెద్ద గొట్టానికి పోసి, మిగిలిన చిల్లరతో వణికే స్టాండు కొంటారు. కళ్లతో చూడటానికి అది ఎలాగో సరిపోతుంది గానీ, ఫొటోకు పనికిరాదు. ఇంకో సంగతి, 10 కిలోలు మోస్తుందని అట్టపెట్టె మీద రాసిన మౌంట్ మీద, ఫొటోల కోసమైతే 5 కిలోలకు మించి పెట్టకపోవడం మేలు.

కంప్యూటర్ మౌంట్లలో రెండు రకాలున్నాయి. ఒకటి మన మెడలాగా పైకీ కిందికీ, పక్కలకీ తిరుగుతుంది. చవక, తేలిక. కానీ ఒరాయన్ నక్షత్రమండలం తూర్పున పక్కకు ఒరిగి ఉదయించి, పడమట రెండో పక్కకు ఒరిగి అస్తమిస్తుంది. ఈ మౌంట్ మీది కెమెరా మాత్రం ఎప్పుడూ నిటారుగానే ఉంటుంది. అందుకే ఎక్స్‌పోజర్ ఎక్కువైతే నడిమి చుక్క నిలిచినా, అంచుల్లో చుక్కలు వంకర తిరుగుతాయి. చంద్రుడికి, గ్రహాలకు దీనితో ఇబ్బంది లేదు. గ్రహాలను వీడియోగా తీసి, వేల ఫ్రేముల్లోంచి గాలి కుదురుగా ఉన్న క్షణాలను ఏరుకుంటే చాలు.

రెండోది ఈక్వటోరియల్ మౌంట్. దీని ఒక ఇరుసును భూమి ఇరుసుకు సమాంతరంగా వాలుస్తారు. ఇక 23 గంటల 56 నిమిషాలకు ఒక చుట్టు చొప్పున ఒక్క మోటారు ఆ ఇరుసును తిప్పితే చాలు, ఆకాశం ఆగిపోతుంది. ఎంత వాల్చాలన్నది మన అక్షాంశం చెబుతుంది. హైదరాబాద్‌లో 17.4 డిగ్రీలు, తిరుపతిలో 13.6. ధ్రువనక్షత్రం మనకు అంత కిందే ఉంటుంది, దుమ్ములోనూ ఎదుటి అపార్ట్‌మెంట్ వెనకా దాక్కుని. అది కనబడకపోయినా ఇప్పుడు దారి ఉంది. కెమెరా రెండు మూడు ఫొటోలు తీస్తే, కంప్యూటర్ చుక్కల అమరికను బట్టి అది ఆకాశంలో ఏ మూలో గుర్తుపట్టి, మరలు ఎటు తిప్పాలో చెబుతుంది. ఈ పద్ధతిని ప్లేట్ సాల్వింగ్ అంటారు. గాజు పలకలు పోయినా వాటి పేరు మిగిలింది.

ధ్రువుడు కిందున్నాడని బాధపడక్కర్లేదు. లండన్‌లో దిగంతానికి అంటుకుపోయే పాలపుంత నడిబొడ్డు మనకు 40 డిగ్రీలకు పైన నిలుస్తుంది. అక్కడ అసలు ఉదయించని ఒమేగా సెంటారీ గుచ్ఛం మన దక్షిణాన హాయిగా కనిపిస్తుంది.

కంప్యూటర్ నడిపే గోటూ మౌంట్ తనంతట తానే అన్నీ వెతుకుతుందనుకుని నేనూ కొన్నాను. మొదటి రాత్రి అది తేదీ అడిగింది. మార్చి 5ని మన అలవాటు ప్రకారం 05/03 అని కొట్టాను. అది నెలను ముందు చదివే రకం, మే 3 అనుకుంది. సాయంత్రం ఏడున్నరకు రోహిణి నెత్తికి కాస్త పడమరగా మెరుస్తుంటే, మౌంట్ గుర్రుమంటూ తిరిగి పక్కింటి నీళ్ల ట్యాంకును చూపించింది. ఊరు, సమయం, తేదీ సరిగ్గా చెప్పి, రెండు మూడు చుక్కలను మనమే నడిమధ్యకు తెచ్చి చూపిస్తేనే దానికి ఆకాశం అర్థమవుతుంది. ఆ చుక్కల పేర్లు మనకు కొత్తవీ కావు. అది ఆర్క్‌టరస్ అంటే మన స్వాతి, స్పైకా అంటే చిత్ర, రెగ్యులస్ అంటే మఖ, అంటారెస్ అంటే జ్యేష్ఠ.

చుక్క నిలిచాక మిగిలేది ఓపిక. ఒకే పొడవాటి ఫొటో కన్నా, రెండేసి నిమిషాలవి అరవై తీసి, సిరిల్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఒకదాని మీద ఒకటి పేర్చడం నయం. నాలుగింతలు ఫొటోలు పేరిస్తే గరగర సగమవుతుంది. మూత పెట్టి కొన్ని తీస్తే సెన్సర్ లోపాలు, తెల్లటి బనీను గుడ్డ కప్పి వెలుతురులో కొన్ని తీస్తే దుమ్ము మచ్చలు తీసేయొచ్చు. ఈ ఓపికకు ఫలితం చిన్నదేం కాదు. అందరూ వేలసార్లు ఫొటో తీసిన ఆండ్రోమెడా గెలాక్సీ పక్కనే ఒక పెద్ద ఆక్సిజన్ వెలుగు ఉందని లోకానికి తెలిసింది 2023లో. దాన్ని పట్టుకున్నది ఔత్సాహికులే, వంద గంటలకు పైగా ఎక్స్‌పోజర్‌తో.

వానాకాలం ఎలాగూ మనది కాదు. కార్తీకం నుంచి ఫాల్గుణం దాకా, అమావాస్యకు అటూ ఇటూ మంచి రాత్రులు. కార్తీకానికి ముందొచ్చే దీపావళి అమావాస్యను మాత్రం వదిలేయండి, పొగ. మంచుకు లెన్సు చెమర్చకుండా చిన్న హీటర్ పట్టీ చుట్టండి.

ముందు మాత్రం ఏమీ కొనకండి. ఈ మార్గశిర అమావాస్యకు ఊరి దీపాలకు దూరంగా వెళ్లి, రాత్రి తొమ్మిదింటికి తూర్పున వరసగా నిలిచే ఒరాయన్ నడుము మీది మూడు చుక్కల కిందికి 50 మిల్లీమీటర్ల లెన్సు తిప్పి, ఐదేసి సెకన్ల ఫొటోలు వంద తీయండి. ఇంటికొచ్చి పేర్చండి. ఆ నడుము నుంచి వేలాడే కత్తిలో నడిమి చుక్క చుక్క కాదని, గులాబీ మబ్బని మీ కంప్యూటర్ తెర మీదే తెలుస్తుంది. మౌంట్ ఆ తర్వాత కొందురు గానీ.