ఆపరేటరు తొలి శిక్షణ: గుణదోష విచారము

హైదరాబాదు నగరమునకు పడమటి దిక్కున హఫీజ్‌పేట్ రైలు స్టేషను గలదు. ఎం.ఎం.టి.ఎస్. బండి అక్కడినుండి ఒక ప్రక్కకు సాగినచో తరువాతి స్టేషను హైటెక్ సిటీ; రెండవ ప్రక్కకు సాగినచో చందానగర్, ఆ పిదప లింగంపల్లి. అక్కడినుండి ముంబై రహదారి వెంట పోయినచో పటాన్‌చెరు, పాశమైలారం పారిశ్రామిక వాడలు వచ్చును. మొదటి దిక్కున పనిచేయువారు తెరమీద వ్రాసినదానిలో తప్పు దొరలినచో చెరిపి తిరిగి వ్రాయగలరు. రెండవ దిక్కున పనిచేయువారికి అట్టి వీలు తక్కువ. రియాక్టరులో అదుపు తప్పిన ఉష్ణోత్పాదక చర్యను వెనుకకు త్రిప్పు మీట ఏదియు లేదు. కనుక ఆ పనికి క్రొత్తగా వచ్చువానికి మొదట ఏమి నేర్పుచున్నారు, ఏమి నేర్పక విడుచుచున్నారు అను ప్రశ్న చాల ముఖ్యమైనది.

రసాయనములు, ఔషధములు, ప్లాస్టిక్కులు తయారగు కర్మాగారములలో రియాక్టర్లను, పంపులను, ఆవిరి గొట్టములను, ఆరబెట్టు యంత్రములను నడపువానిని పరిశ్రమలవారు ప్రాసెస్ టెక్నీషియను అందురు. వాడుకలో అతడు ఆపరేటరు. పదవ తరగతి ముగించిన విద్యార్థి ఈ వృత్తిలో ప్రవేశించుటకు ఐ.టి.ఐ.లలో 'అటెండెంట్ ఆపరేటర్, కెమికల్ ప్లాంట్' అను రెండేండ్ల కోర్సు గలదు. 1961 నాటి అప్రెంటిసుల చట్టము క్రింద కర్మాగారములోనే పని నేర్చుకొను మార్గము మరొకటి. ఇంటర్మీడియట్టో డిగ్రీయో చదివి నేరుగా చేరువారును, కాంట్రాక్టరు ద్వారా వచ్చువారును గలరు. ఎవరు ఏ దారిన వచ్చినను, పనిలో చేరిన తొలి దినములలో ఇచ్చు ప్రవేశ శిక్షణ అందరికి సామాన్యము. ఇక్కడ విచారించునది ఆ శిక్షణను గూర్చియే.

శిక్షణ ఎట్లు వచ్చినది

1961లో ఐ.డి.పి.యల్. సంస్థ ఏర్పడి, సోవియట్ సహకారముతో బాలానగరు వద్ద మందుల కర్మాగారమును నెలకొల్పినది. అక్కడ పని నేర్చినవారు పిమ్మట హైదరాబాదు చుట్టునున్న ప్రైవేటు పరిశ్రమలకు వ్యాపించిరి. డాక్టర్ రెడ్డీస్ సంస్థను 1984లో స్థాపించిన కె. అంజిరెడ్డి అచ్చట పనిచేసినవారే. ఆ తరమున పెద్దవాని ప్రక్కన నిలిచి చిన్నవాడు పని నేర్చుకొనెడివాడు. రియాక్టరు మోత మారినచో, పంపు వణకినచో అందుకు కారణమేమో పెద్దవాడు చెప్పెడివాడు. అయితే ఆ పద్ధతికి లోపము లేకపోలేదు. పెద్దవాని జ్ఞానముతోపాటు అతని పొరపాట్లును చిన్నవానికి సంక్రమించెను.

1984 డిసెంబరులో జరిగిన భోపాల్ దుర్ఘటన తరువాత దేశము మేల్కొన్నది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమును 1987లో సవరించి, తన ఆరోగ్యమునకు భద్రతకు సంబంధించిన సమాచారము పొందుటకు, శిక్షణ పొందుటకు కార్మికునికి హక్కు కల్పించిరి. ఆ చట్టము స్థానమున వచ్చిన 2020 నాటి కోడు 2025 నవంబరులో అమలులోనికి వచ్చినది. అందును శిక్షణ యజమాని విధులలో ఒకటి. నేడు శిరస్త్రాణము, కంటి అద్దములు లేక లోనికి పోరాదని, మూసిన పాత్రలో అనుమతి లేక దిగరాదని, ప్రతి పనికి వ్రాతపూర్వకమైన విధాన పత్రము ఉండవలెనని తొలినాడే చెప్పుచున్నారు. ఇది మేలైన మార్పు. దీనిని తక్కువ చేయుట న్యాయము కాదు.

లోపమెక్కడ?

శిక్షణ 'ఏమి చేయవలెను' అను ప్రశ్నకు సమాధానము చెప్పుచున్నది. 'ఎందుకు' అను ప్రశ్నవద్ద తరచుగా ఆగిపోవుచున్నది. ఒక చిన్న ఉదాహరణము చాలును. టోలీన్ వంటి ద్రావణిని డ్రమ్ములోనికి పోయునపుడు డ్రమ్మునకు ఎర్తింగు క్లిప్పు తగిలింపవలెనని ఆపరేటరునకు చెప్పుదురు. అతడు రంగు వేసిన డ్రమ్ము అంచునకే క్లిప్పు తగిలించి, పత్రముమీద టిక్కు పెట్టును. గొట్టము వెంట పారు ద్రవము విద్యుదావేశమును పోగుచేయునని, రంగుపూత విద్యుత్తును పోనీయదని తెలిసినవాడు మాత్రము రంగు గీకి లోహమునకే క్లిప్పు తగిలించును. పత్రముమీద ఇద్దరి టిక్కులును ఒకటే. డ్రమ్ము దగ్గర ఒకని పని రక్షణ, రెండవవానిది రక్షణ యొక్క వేషము.

ఈ భేదము మామూలు దినమున కనబడదు. అన్నియు సరిగా నడచుచున్నంతకాలము విధాన పత్రము చాలును. పత్రము ఊహింపని స్థితి వచ్చిననాడు ఆపరేటరుకు మిగులునది తాను గ్రహించిన శాస్త్రమే. మూడు దుర్ఘటనలను పరిశీలించిన ఈ సంగతి బోధపడును. మూడింటను ఉన్నవి హైస్కూలు పాఠములే.

మొదటి పాఠము: పరీక్షనాళికలో మంచుముక్క

2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్టణమందలి ఎల్.జి. పాలిమర్స్ కర్మాగారమునుండి స్టైరీన్ ఆవిరి వెలువడి ఆర్.ఆర్. వెంకటాపురము మొదలగు చోట్ల వ్యాపించెను. పన్నెండుగురు మరణించిరి. కరోనా లాక్‌డౌనువలన కర్మాగారము ఆగియుండెను. టాంకులో స్టైరీన్ నిలువయుండెను. స్టైరీన్ అణువులు తమలో తాము కలిసి పాలిమరుగా మారునపుడు వేడి పుట్టును. ఆ వేడి చర్యను ఇంకను వేగిరపరచును. దీనిని అడ్డుకొనుటకు నిరోధక పదార్థమును కలిపి, ద్రవమును చల్లగా ఉంచవలెను.

ప్రభుత్వము నియమించిన ఉన్నతాధికార సంఘము ఒక విషయమును ఎత్తిచూపినది. టాంకులో ఉష్ణోగ్రతను కొలుచు సాధనము అడుగుభాగముననే ఉండెను. నడుమ గాని పైన గాని లేదు. ఇచ్చట ఉపాధ్యాయులకు సుపరిచితమైన ప్రయోగము గుర్తుకు రావలెను. పరీక్షనాళిక అడుగున మంచుముక్కను తీగవలతో అదిమియుంచి, పైభాగమును దీపముతో వేడిచేసినచో పైన నీరు మరుగును, అడుగున మంచు కరగక నిలుచును. వేడెక్కిన ద్రవము తేలికయై పైననే ఉండును. చల్లని ద్రవము బరువై అడుగున నిలుచును. విశాఖ టాంకు ఆ పరీక్షనాళికకు పెద్ద రూపము. అడుగున ఉన్న సాధనము చల్లదనమును చూపుచుండగా, పై పొరలలో వేడి పెరిగెను. ప్రయోగమును చూచి మార్కులు పొందిన విద్యార్థి ఆపరేటరు అయిననాడు, 'ఈ ఉష్ణోగ్రత టాంకులో ఎక్కడిది?' అని అడుగునట్లు చేయుట శిక్షణ పని.

రెండవ పాఠము: ఆర్కిమెడిస్ సూత్రము

2005 మార్చి 23న అమెరికాలోని టెక్సాస్ సిటీలో బ్రిటిష్ పెట్రోలియం వారి నూనెశుద్ధి కర్మాగారమున విస్ఫోటనము జరిగి 15 మంది మరణించిరి, 180 మంది గాయపడిరి. ఆగియున్న విభాగమును తిరిగి ప్రారంభించుచు 170 అడుగుల స్తంభములోనికి ద్రవమును పంపుచుండిరి. బయటికి పోవు దారి చాలసేపు మూసియుండెను. ద్రవము స్తంభమున పైపైకి ఎక్కెను. కాని మట్టము చూపు సాధనము మట్టము తగ్గుచున్నదని చూపెను!

ఇదెట్లు సంభవించెను? ఆ సాధనమున ఒక లోహపు కడ్డీ ద్రవములో మునిగి వ్రేలాడుచుండును. ఎంత మునిగిన అంత బరువు తగ్గినట్లగును. ఆ తగ్గుదలనుబట్టి మట్టము తెలియును. అది అడుగుభాగమందలి కొద్ది అడుగుల మట్టమును కొలుచుటకే ఏర్పడినది. కడ్డీ పూర్తిగా మునిగిన పిదప మట్టము ఎంత పెరిగినను దానికి తెలియదు. ఆపైన ద్రవము వేడెక్కి సాంద్రత తగ్గెను. సాంద్రత తగ్గగానే కడ్డీపై ఉత్ప్లవన బలము తగ్గెను. సాధనము దానిని మట్టము తగ్గుటగా చూపెను. ఆర్కిమెడిస్ సూత్రము ఏమియు తప్పలేదు. దానిని చదివిన తీరు తప్పెను.

రక్షించు ప్రశ్న మరొకటి ఉండెను: లోపలికి పోయిన ద్రవ్యము బయటికి రానిచో ఎక్కడ ఉన్నది? ఇది ద్రవ్యనిత్యత్వ నియమము. ఆ ప్రమాదమును విచారించిన అమెరికా రసాయనిక భద్రతా మండలి శిక్షణ లోపములను గట్టిగా విమర్శించినది. ఆ కర్మాగారపు శిక్షణ విభాగ సిబ్బందిని 28 మందినుండి 8 మందికి తగ్గించిరి. ప్రారంభ సమయములందలి అసాధారణ స్థితులను అభ్యసించుటకు సిమ్యులేటరు లేకుండెను. ధనిక దేశమైనను, కంప్యూటరు తెరలున్నను, ఎందుకో తెలియని శిక్షణ ఒకే ఫలమునిచ్చును.

మూడవ పాఠము: తరిగిన ఘనము

2025 జూన్ 30న పాశమైలారములోని సిగాచి ఇండస్ట్రీస్ కర్మాగారమున విస్ఫోటనము జరిగి 46 మంది మరణించిరి. మరి ఎనిమిదిమంది జాడ తెలియరాలేదు. అక్కడ తయారగుచుండినది మైక్రోక్రిస్టలైన్ సెల్యులోజు, అనగా మాత్రల తయారీలో వాడు మెత్తని తెల్లని పొడి. సెల్యులోజు విషము కాదు; ప్రత్తిలో, కట్టెలో ఉన్న పదార్థమే. క్రొత్తవానికి దానివలన భయము కలుగదు.

ఒక సెంటీమీటరు భుజముగల ఘనమునకు ఉపరితల వైశాల్యము 6 చదరపు సెంటీమీటర్లు. దానిని ఒక మిల్లీమీటరు ఘనములుగా తరిగినచో వేయి ముక్కలై వైశాల్యము 60 అగును. పదోవంతు మిల్లీమీటరు ముక్కలుగా చేసినచో 600. పదార్థము పెరుగలేదు, గాలితో, అనగా ఆమ్లజనితో, తాకు చోటు నూరురెట్లు పెరిగినది. అట్టి పొడి మూసిన చోట గాలిలో తేలుచుండగా నిప్పురవ్వ తగిలినచో అది కట్టెవలె కాలదు, ప్రేలును. ఒక చిన్న ప్రేలుడు దూలములమీద, గొట్టములమీద పేరుకొన్న ధూళిని లేపినచో రెండవ ప్రేలుడు మొదటిదానికంటె ఘోరమగును. పాశమైలారం ప్రమాదమునకు బాధ్యులెవరో తేల్చుట విచారణ సంస్థల పని. కాని పొడి తయారగు ఏ కర్మాగారముననైనను, ధూళి తుడుచుట శుభ్రతకు మాత్రమే కాదు, ప్రాణరక్షణకు అను మాట తొలినాడే కారణముతో సహా తెలియవలెను.

ఒక ఆక్షేపణ

'ఆపరేటరుకు కారణములతో పనియేమి? చెప్పినది చెప్పినట్లు చేసిన చాలును. కారణము తెలిసినవాడు సొంత తెలివి చూపి నియమము తప్పును' అని కొందరు అందురు. ఈ మాటలో కొంత నిజమున్నది. అర్ధజ్ఞానముతో వాల్వులు త్రిప్పువాడు ప్రమాదకారి. కాని కారణము తెలిసినవాడు మొదట చేయవలసినది సొంత ప్రయోగము కాదు, ఆపుట. 'ఈ అంకె నమ్మదగినది కాదు' అని గ్రహించి, పనిని ఆపి, పైవారికి తెలుపుట. ఏమియు తెలియనివాడు ఎక్కడ ఆపవలెనో ఎట్లు ఎరుగును?

మరియొక హెచ్చరిక అవసరము. పై మూడు ఉదాహరణములను కార్మికుని అజ్ఞానమే ప్రమాదమునకు కారణమని చెప్పుటకు వాడుకొనరాదు. థర్మామీటరు ఎక్కడ అమర్చవలెనో, శిక్షణకు ఎంత ఖర్చు పెట్టవలెనో నిర్ణయించువాడు ఆపరేటరు కాడు. చెడ్డ నిర్మాణమును మంచి శిక్షణ సరిదిద్దలేదు. ఆపరేటరు 'ఆపుము' అన్నప్పుడు ఆపనిచ్చు యాజమాన్యము లేనిచో ఏ జ్ఞానమును నిష్ఫలమే.

భాష, పరీక్ష

పాశమైలారం వంటి వాడలలో తెలుగువారితోపాటు బీహారు, ఒడిశా, జార్ఖండు, ఉత్తరప్రదేశ్ నుండి వచ్చినవారు పనిచేయుచున్నారు. విధాన పత్రము ఇంగ్లీషులో ఉండి, దానిక్రింద 'చదివి అర్థము చేసుకొంటిని' అని సంతకము చేయించినచో అది శిక్షణ కాదు, రికార్డు. ఔషధ కర్మాగారములలో తనిఖీకి వచ్చువారు శిక్షణ రికార్డులను అడుగుదురు. అందుచేత రికార్డు పూర్తియగుటయే శిక్షణ ముగియుటగా భావించు ప్రమాదమున్నది. కార్మికుని మాతృభాషలో చెప్పి, అతనిచేత అతని మాటలలో తిరిగి చెప్పించినపుడే అర్థమైనదో లేదో తెలియును.

పరీక్షయు మారవలెను. 'ఈ వాల్వు పేరేమి?' అను ప్రశ్న చాలదు. 'గేజి సున్న చూపుచున్నది. లోపల పీడనము లేదని ఎట్లు నిశ్చయింతువు?', 'పంపు తిరుగుచున్నది, ద్రవము కదలుటలేదు. ఏ మూడు కారణములు ఉండవచ్చును?' అని అడుగవలెను. గాజు గొట్టము, రెండు థర్మామీటర్లు, స్ప్రింగు త్రాసు ఉన్నచో ప్రతి కర్మాగారమున చిన్న శిక్షణశాల ఏర్పడును. పెద్ద ఖర్చు కానేకాదు.

పాఠశాల చేయగల పని

ఈ లోపములో కొంత భాగము కర్మాగారపు ద్వారమునకు ముందే మొదలగుచున్నది. ఉష్ణసంవహనము, ఉత్ప్లవనము, చర్యావేగము అనునవి పరీక్షకొరకు నేర్చి మరచు పాఠములుగా మిగిలినచో, వాటిని కర్మాగారమున తిరిగి గుర్తించుట కష్టము. మంచుముక్క ప్రయోగము చేయించు ఉపాధ్యాయుడు రెండు థర్మామీటర్లు ఉంచి, ఒకటి పైన ఒకటి అడుగున పట్టించి, 'ఈ నాళిక ఉష్ణోగ్రత ఎంత?' అని అడుగవలెను. ఒకే అంకె చెప్పిన విద్యార్థిని 'ఎక్కడిది?' అని తిరిగి ప్రశ్నింపవలెను. ఆ తరగతిలో కూర్చున్నవారిలో కొందరు హైటెక్ సిటీ దిక్కునకు పోవుదురు, కొందరు పటాన్‌చెరు దిక్కునకు. రెండవ దారిన పోవువానికి ఆ ప్రశ్న ఏదో ఒక రాత్రి షిఫ్టులో అక్కరకు వచ్చును.