పుస్తకం తెరిచే ముందు పావుగంట

రీడింగ్ హాల్లో కుర్చీ లాక్కుని కూర్చోవడం వేరు, చదువు మొదలవడం వేరు. ఈ రెంటికీ మధ్య కొందరికి పది నిమిషాలు పోతే కొందరికి గంట పోతుంది. చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయం, అశోక్‌నగర్ సందుల్లోని స్టడీ హాళ్లు, నారాయణగూడ దాకా పరుచుకున్న హాస్టళ్లు: గ్రూప్స్, సివిల్స్ అభ్యర్థుల రోజంతా ఈ కాస్త మేరలోనే గడుస్తుంది. సీటు కోసం పొద్దున్నే వచ్చి, ఆ సీట్లో గంటసేపు ఊరికే కూర్చోవడం ఇక్కడ వింతేమీ కాదు. ఆ గంటను పావుగంటకు కుదించడానికే పొద్దుటి తయారీ.

దానికి మొదటి మెట్టు ముందురోజు రాత్రే పడుతుంది. పుస్తకాలు సర్దే ముందు, మర్నాడు మొట్టమొదట చేయాల్సిన పనిని ఒక చీటీ మీద రాసుకోవాలి. ‘పాలిటీ చదవాలి’ అని రాస్తే లాభం లేదు. ‘73వ సవరణ, 11వ షెడ్యూలు, 29 అంశాలు, చూడకుండా రాయాలి’ అంటే పనికొస్తుంది. ఎప్పుడు, ఎక్కడ, ఏ పని చేసేదీ ముందే ఖాయం చేసుకున్నవారు ఆ పని మొదలుపెట్టే అవకాశం ఎక్కువని మనస్తత్వ శాస్త్రవేత్త పీటర్ గోల్విట్జర్ 1999లో ప్రచురించిన వ్యాసంలో వివరించాడు. చీటీ లేనివారికి పొద్దుటి చురుకంతా ఏ పుస్తకం తీయాలో తేల్చుకోవడానికే సరిపోతుంది.

లేచే వేళ గురించి చెప్పేవాళ్లకు కొదవ లేదు. సూర్యోదయానికి 96 నిమిషాల ముందు మొదలై 48 నిమిషాలు ఉండే బ్రాహ్మీ ముహూర్తం చదువుకు మంచిదంటారు. జూన్‌లో హైదరాబాద్‌కది నాలుగు దాటగానే వచ్చేస్తుంది. రాత్రి పెందలాడే పడుకున్నవారికి అది దివ్యంగానే ఉంటుంది. హాస్టల్ గదిలో ఒంటిగంట దాకా మేలుకున్నవారికి మాత్రం నిద్ర బాకీయే మిగులుతుంది. ఎప్పుడు లేచినా, లేచిన వెంటనే ఒక అరగంట దాకా బుర్ర మందంగానే ఉంటుంది కాబట్టి ఆ కాసేపూ నడకకు ఇవ్వడం మేలు. ఇందిరా పార్కు దగ్గర్లోనే ఉంది. అంత దూరం వద్దనుకుంటే, హాస్టల్ నుంచి లైబ్రరీకి నడిచి వెళ్లినా చాలు.

అసలు చిక్కు ఫోను. అశోక్‌నగర్‌లో పొద్దున్నే ఫోను తీసేది సినిమా కబుర్ల కోసమే అనుకుంటే పొరపాటు. నోటిఫికేషన్ ఎప్పుడు, కేసు ఏమైంది, పరీక్ష ఉంటుందా ఉండదా అన్న ఆరాటం అది. తెలంగాణ గ్రూప్-1 ప్రిలిమ్స్ 2022 అక్టోబర్ 16న జరిగి, పేపర్ లీకేజీతో రద్దయింది. 2023 జూన్ 11న మళ్లీ పెడితే హైకోర్టు రద్దు చేసింది. మూడోసారి 2024 జూన్ 9న జరిగింది. ఇంత చూసినవారు టెలిగ్రామ్ గ్రూపు తెరవడాన్ని తప్పుపట్టలేం. అయితే ఒక పని నుంచి మరో పనికి మారినా మనసులో కొంత భాగం పాత పని దగ్గరే ఆగిపోతుందని సోఫీ లెరాయ్ 2009 నాటి పరిశోధన చెబుతోంది. వాయిదా పడుతుందేమో అన్న మెసేజ్ చదివి రాజ్యాంగం తెరిస్తే కళ్లు మాత్రమే అధికరణాల మీద ఉంటాయి. ఫోను సైలెంట్‌లో పెడితే చాలదు, సంచిలోకి పోవాలి.

కూర్చున్నాక వెన్ను నిటారుగా పెట్టి, వదిలే ఊపిరి పీల్చేదానికన్నా పొడవుగా ఉండేలా రెండు మూడు నిమిషాలు గమనిస్తే చాలు. ఇంతకు మించి పెంచితే అదో ధ్యానం క్లాసవుతుంది.

తర్వాతిదే ఈ పద్ధతికి ప్రాణం: తెల్లకాగితం. పుస్తకం మూసే ఉంటుంది. నిన్న చదివింది జ్ఞాపకం నుంచి రాయాలి. తెలంగాణ నదులు చదివితే, ముందు రాష్ట్రం ఆకారం చేత్తో గీయాలి. వాయవ్యాన కందకుర్తి దగ్గర గోదావరి లోపలికొస్తుంది, మంజీర కలిసేదీ అక్కడే. గీత తూర్పుకు సాగి కాళేశ్వరం దగ్గర ప్రాణహితను కలుపుకుంటుంది. కింద నారాయణపేట జిల్లా తంగిడి దగ్గర కృష్ణ. అక్కడ కలిసే నది పేరేమిటన్న చోట పెన్ను ఆగుతుంది. ఆగిన చోట ఒక ప్రశ్నార్థకం పెట్టి ముందుకు పోవాలి, అది భీమ అని తేల్చుకోవడానికి వెంటనే పుస్తకం తెరవకూడదు. పది నిమిషాలయ్యాక ఆ ప్రశ్నార్థకాలే ఆ రోజు చదువుకు తలుపు తీస్తాయి. ఇది ఎవరికీ ఇష్టమైన పని కాదు, ఎందుకంటే మరిచిపోయిందంతా కాగితం మీద కనబడుతుంది. మనస్తత్వ శాస్త్రవేత్తలు రోడిగర్, కార్పికీ 2006లో ప్రచురించిన ప్రయోగాల్లో, ఐదు నిమిషాల తర్వాత చూస్తే మళ్లీ మళ్లీ చదివినవారిదే పైచేయి. వారం తర్వాత చూస్తే, చూడకుండా గుర్తు తెచ్చుకున్నవారికే ఎక్కువ మిగిలింది. నోట్స్ తిరగేయడం హాయిగా ఉండేది అందుకే, మోసం చేసేదీ అందుకే.

దినపత్రిక సంగతి వివాదాస్పదం. కరెంట్ అఫైర్స్ కోసం ముందు పేపరు చదవాలనేది ఇక్కడ దాదాపు శాసనం. కానీ పేపరు చదవడానికి అంత పట్టుదల అక్కర్లేదు, టిఫిను తింటూ కూడా చదవచ్చు. తాజా బుర్రను దానికి ఖర్చు పెట్టడం దండగ. తొలి విడత చదువు అయ్యాకే పేపరు పట్టడం మంచిది.

చాయ్, ఇయర్‌ఫోన్లలో పాట, రంగు పెన్నులు ఉంటే ఉండనివ్వచ్చు, వాటి మీద ఆధారపడకూడదంతే, పరీక్ష రోజున అవి వెంట ఉండవు మరి. 2024 గ్రూప్-1 ప్రిలిమ్స్ ఉదయం 10:30కి మొదలైతే గేట్లు పదింటికే మూసేశారు. ఆ అరగంటలో అభ్యర్థి వెంట ఫోను ఉండదు, నోట్స్ ఉండవు. ఊపిరిని గమనించడం, తలలోనే పటం గీసుకోవడం మాత్రం ఎవరూ ఆపలేరు. అదే ఏడాది అక్టోబర్‌లో మెయిన్స్ మధ్యాహ్నం రెండు నుంచి ఐదు దాకా జరిగాయి. అలాంటి వేళకు తయారయ్యేవారు చివరి రెండు మూడు వారాలు ఈ పావుగంటను మధ్యాహ్న భోజనం తర్వాతికి జరపాలి. మెస్‌లో అన్నం కాస్త తగ్గించుకోవాలి కూడా.