తెల్ల ఇల్లు, మలిసంజె

ఇంగ్లీషు నీటిరంగు చిత్రాల ప్రస్తావన వస్తే అందరం ముందు టర్నర్ పేరే చెప్తాం. తప్పేం లేదు. కానీ సాయంకాలపు వెలుగు గురించి మాట్లాడాలంటే మాత్రం నాకు ముందుగా గుర్తొచ్చేది థామస్ గిర్టిన్ 1800లో వేసిన 'ది వైట్ హౌస్ ఎట్ చెల్సీ'. లండన్ టేట్ వారి దగ్గరుంది. అడ్డం అడుగున్నర దాటుతుంది, నిలువు అడుగు కూడా లేదు.

బొమ్మలో కథేమీ లేదు. థేమ్స్ నదిని ఎగువవైపు చూస్తున్నాం. ఎడమనుంచి కుడికి గాలిమర, తెల్ల ఇల్లు, దూరంగా బాటర్సీ వంతెన, చెల్సీ పాత చర్చి. పొద్దు వాలింది. ఒడ్డు మసకబారుతోంది. ఆ మసకలో ఒక్క ఇల్లు మాత్రం తెల్లగా వెలుగుతోంది. దాని నీడ నీళ్లలోకి మరో తెల్లటి చారగా దిగింది. ఇప్పుడు ఆ ప్రాంతంలో 1858లో తెరిచిన బాటర్సీ పార్కు ఉంది.

ఆ తెలుపు రంగు కాదు, కాగితం. గిర్టిన్ అక్కడ ఏమీ పూయకుండా వదిలేశాడు. ఈ సంగతి తెలిశాక 'ఓస్, ఇంతేనా' అనేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. చుట్టుపక్కలంతా ఒక్కో పూతగా చీకటి చేసుకుంటూ వస్తే గానీ వదిలిన చోటు వెలగదు. సాయంకాలం చేసే పనీ అదే కదా! పగలంతా ఎవరి కంటా పడని గోడ, చుట్టూ వెలుగు తగ్గాకే కనిపిస్తుంది. ఇక్కడ విషయమూ, పద్ధతీ ఒకటైపోయాయి. నీళ్లలో ఆ చారే లేకపోతే ఇల్లు రంగు వెయ్యడం మరిచిపోయిన జాగాలా ఉండేది. ఆ చార ఇంటికి బరువునిచ్చింది, నది నిశ్చలంగా ఉందని కూడా చెప్పింది.

టర్నర్, గిర్టిన్ ఇద్దరూ 1775లోనే పుట్టారు. కుర్రతనంలో డాక్టర్ మన్రో ఇంట్లో కలిసి బొమ్మలకు నకళ్లు తీశారు; గిర్టిన్ గీతలు గీస్తే టర్నర్ రంగులద్దేవాడు. మీ బొమ్మలన్నిటికన్నా గొప్పది నా దగ్గరుందని ఒక వర్తకుడు అంటే, అయితే అది గిర్టిన్ తెల్ల ఇల్లే అయ్యుంటుందని టర్నర్ అన్నాడట. టర్నర్ 1851 దాకా బతికి ఆకాశాలను మండించాడు. ఆ అస్తమయాలు మనల్ని కేకేసి పిలుస్తాయి. గిర్టిన్ సాయంకాలం పిలవదు, మనమే ఆగాలి.

అయితే మెచ్చుకునేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. గిర్టిన్ బొమ్మల్లో చాలావాటిలో నీలిమందు వెలిసిపోయింది. వెలుతురు నీటిరంగులను తినేస్తుందని 1888లో రసెల్, ఆబ్నీ ఇచ్చిన నివేదిక శాస్త్రీయంగా తేల్చింది. అందుకే మ్యూజియాలు వీటిని ఎక్కువకాలం చీకట్లో దాచి, కొన్నాళ్లే, అదీ మసక దీపాల కింద చూపిస్తాయి. కనుక గిర్టిన్ సంయమనం అని మనం పొగిడే ప్రతిదీ అతని సంయమనం కాకపోవచ్చు. తెల్ల ఇంట్లో వెలిసిపోవడానికి రంగే లేదు. కానీ చుట్టూ ఉన్న చీకటి పలచబడితే దాని వెలుగూ పోతుంది.

మన రాజమండ్రిలో దామెర్ల రామారావును ప్రోత్సహించిన ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే కూడా ఇంగ్లీషు నీటిరంగుల చిత్రకారుడే. రామారావు 1925లో, గిర్టిన్ 1802లో పోయారు. ఇద్దరికీ ఇరవయ్యేడేళ్లే. వాళ్లు ఇంకా ఏం వేసేవారో అని వగచేకంటే, వేసినవి వెలిసిపోకముందే వెళ్లి చూడటం మేలు. కంప్యూటర్ తెరమీద చూస్తే చాలదు. అక్కడ బొమ్మంతా వెనకనుంచి వెలుగుతుంది. ఒక్క ఇల్లే వెలగడమన్నది పోతుంది.