పొరుగు బిల్డ్ నుంచి వచ్చిన లైబ్రరీ

ఆండ్రాయిడ్ 15, ఆ పై వెర్షన్ల కోసం తయారయ్యే యాప్‌లు 16 కేబీ మెమరీ పేజీలకు సరిపడాలని గూగుల్ ప్లే షరతు పెట్టింది. 2025 నవంబరు 1 గడువు. అంతకుముందు 4 కేబీ ఉంటే సరిపోయేది. అంతా కాట్లిన్‌లోనే రాసుకున్నవాళ్లకు దీంతో పెద్ద పని పడలేదు. సీ, సీ ప్లస్ ప్లస్ లైబ్రరీలు లోపల పెట్టుకున్నవాళ్లకే తలనొప్పి. మా టీమ్‌లో ఓ కుర్రాడు బిల్డ్ సెట్టింగుల్లో లింకర్‌కు కొత్త ఆప్షన్ ఇచ్చి, అంతా మళ్లీ బిల్డ్ చేసి, "సార్, ఇంకా నాలుగే చూపిస్తోంది" అన్నాడు. చూపించక ఏం చేస్తుంది? యాప్‌లోని ఆ నేటివ్ లైబ్రరీని, అంటే డాట్ ఎస్‌ఓ ఫైలును, యాప్‌ను బిల్డ్ చేసే మా గ్రేడిల్ లింక్ చేయలేదు. వేరే చోట సీమేక్ అనే మరో బిల్డ్ సిస్టమ్‌తో తయారైన ఫైలు అది. గ్రేడిల్ దాన్ని యాప్‌లో సర్దిపెడుతుంది, అంతే. పేజీ సైజు లింక్ చేసేటప్పుడే ఖాయమైపోయింది.

ఒక బిల్డ్ సిస్టమ్ తయారుచేసిన నేటివ్ లైబ్రరీని మరోదాంట్లో వాడుకోవడంలో చిక్కంతా ఇక్కడే ఉంది. ఫైలు వస్తుంది. దాన్ని ఏ ఆప్షన్లతో, ఏ మాక్రోలతో కంపైల్ చేశారో, దానికి ఇంకే లైబ్రరీలు కావాలో ఆ సంగతులు అక్కడే ఉండిపోతాయి. డాట్ ఎస్‌ఓ అయితే తనకు కావలసిన లైబ్రరీల పేర్లన్నా లోపల రాసుకుంటుంది. డాట్ ఏ ఫైలుకు ఆ మాత్రం జ్ఞాపకమూ లేదు. అది ఉత్త ఆబ్జెక్ట్ ఫైళ్ల కట్ట.

ఉదాహరణకు, 2015లో జీసీసీ 5 కంపైలర్ వచ్చినప్పుడు సీ ప్లస్ ప్లస్ స్ట్రింగ్ లోపలి అమరిక మారింది. పాత అమరికతో కంపైలైన లైబ్రరీని కొత్త ప్రోగ్రాంకు కలపబోతే, ఫలానా ఫంక్షన్ కనిపించలేదని లింకర్ గోలపెట్టేది. నన్నడిగితే అది అదృష్టం. గోలపెట్టని తప్పులే ప్రాణం తీస్తాయి. లైబ్రరీని ఒక మాక్రో పెట్టి కంపైల్ చేశారనుకోండి. అది ఉంటే ఒక స్ట్రక్చర్‌లో అదనంగా ఒక ఫీల్డ్ చేరుతుంది. మనం అదే హెడర్‌ను ఆ మాక్రో లేకుండా చదివాం. కంపైల్ అవుతుంది, లింకూ అవుతుంది. ఎక్కడో సంబంధం లేని చోట క్రాష్ అవుతుంది. సోర్సు ఎన్నిసార్లు చదివినా తప్పు దొరకదు, ఎందుకంటే తప్పు సోర్సులో లేదు.

అందుకే లైబ్రరీతో పాటు దాని వివరాల చీటీ కూడా రావాలంటాను. బడి మారే పిల్లాడికి టీసీ ఇచ్చినట్టు. లినక్స్‌లో పీకేజీ-కాన్ఫిగ్ ఏళ్లుగా చేస్తున్నది ఈ పనే. చిన్న టెక్స్ట్ ఫైలు: హెడర్లు ఎక్కడున్నాయి, ఏ ఆప్షన్లు పెట్టాలి, స్టాటిక్‌గా కలిపితే అదనంగా ఏం కావాలి. ఆండ్రాయిడ్‌లో ప్రీఫ్యాబ్ ఇంకో అడుగు ముందుకేసింది. లైబ్రరీ ఏ ప్రాసెసర్‌కు, ఏ ఏపీఐ స్థాయికి, ఏ ఎన్‌డీకేతో, ఏ సీ ప్లస్ ప్లస్ స్టాండర్డ్ లైబ్రరీతో తయారైందో రాసి పంపుతుంది. పొసగకపోతే బిల్డ్ దగ్గరే ఆగిపోతుంది.

చాలామంది వెళ్లే దారి వేరు. ఒక బిల్డ్ సిస్టమ్ లోపలి నుంచి రెండోదాన్ని నడిపించడం. రస్ట్‌లో కార్గో బిల్డ్ స్క్రిప్టు సీమేక్‌ను పిలుస్తుంది. బేజెల్ బిల్డ్ సిస్టమ్‌కైతే ఈ పని కోసమే రూల్స్ ఫారిన్ సీసీ అనే పొడిగింపు ఉంది. మొదట్లో ముచ్చటగానే ఉంటుంది, ఒక్క కమాండ్‌తో అంతా అయిపోతుంది. కానీ బేజెల్ దృష్టిలో లోపలి బిల్డ్ మొత్తం ఒకే పని. ఒక్క ఫైలు ముట్టుకుంటే లైబ్రరీ అంతా మళ్లీ మొదటి నుంచి.

ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ లాంటి వాటికి నేను ఈ రెండో దారి తొక్కను. దాని కాన్ఫిగర్ స్క్రిప్టు పెర్ల్‌లో ఉంటుంది. పోనీ దాన్ని మన బిల్డ్ పద్ధతిలోకి తిరగరాద్దామంటే, ప్రతి కొత్త వెర్షన్‌కూ ఆ కూలి మనదే. దాని బిల్డ్‌ను దాని చోటే నడిపించి, ఫలితాన్నీ చీటీనీ వెర్షన్ నంబరు వేసి తెచ్చుకుంటాను. 16 కేబీ ఆప్షన్ కూడా అక్కడే ఇస్తాను. మనమే రోజూ దిద్దుకునే లైబ్రరీకి మాత్రం ఈ పద్ధతి శుద్ధ దండగ. గ్రేడిల్ నుంచి నేరుగా దాని సీమేక్‌ను పిలిపించుకోవడమే మేలు, డీబగ్గర్‌తో లోపలికి వెళ్లడానికీ వీలుంటుంది.